తియ్యటి కుట్టు

బుడంకాయ పొడుగు పెరుగుతోందని అందరికంటే ముందు మురిసిపోయినవాడు తండ్రే. ఏడేళ్ల పిల్ల. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని ఆ పేరు పెట్టి పిలిచాడు, అదే నిలిచిపోయింది. అసలు పేరు బడిలో హాజరు పలకడానికి తప్ప మరెందుకూ అక్కరకు రాలేదు. అలాంటి పిల్ల ఒక్క ఏడాదిలో గౌన్లన్నిటినీ మోకాళ్ల పైకి ఎక్కించేసింది. వాళ్ల బడిలో గంట కొట్టే పని పిల్లలదే. తాడు కాస్త ఎత్తున ఉంటుంది గనక ఎవరికి అందితే వాళ్లే కొట్టాలి. నిరుడు మెడ వెనక్కి వంచి గంటను చూసిన పిల్ల ఈ ఏడు గంట కొట్టే పిల్ల అయింది. సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే ఆ రోజు ఎంత గట్టిగా కొట్టిందో, పక్క వీధిలో కుక్కలు ఎలా అరిచాయో చెప్పేది. తండ్రి ఆ కబురు మోసుకెళ్లి మర్నాడు డ్యూటీలో పదిమందికి పంచేవాడు. "పొడుగు మా వంశంలోనే ఉంది," అనేవాడు. ఆయనగారు మునివేళ్ల మీద నిలబడితే అలమరలో రెండో అర అందుతుంది.

అతను మందుల ఫ్యాక్టరీలో డ్రయ్యర్ ఆపరేటరు. బిళ్లలు చేసే పొడిని ముందు తడిపి కలుపుతారు, తర్వాత మనిషెత్తు స్టీలు పీపాలో వేసి కింద నుంచి వేడిగాలి కొట్టి ఆరబెడతారు. గాలితోపాటు పొడి కూడా ఎగిరిపోకుండా పీపా పైన దట్టమైన తెల్లగుడ్డ సంచి ఒకటి వేలాడుతుంది. దానికి పొడవాటి తొడుగులు పద్దెనిమిది. ఆ గదిలోవాళ్లు వాటిని వేళ్లంటారు. గాలి గుడ్డలోంచి పోతుంది, పొడి వేళ్లకు అంటుకుని ఆగిపోతుంది. అతని గదిలో ఆరేది ఆడవాళ్లు వాడే హార్మోన్ బిళ్లల పొడి. బిళ్లలో అసలు మందు రవ్వలో రవ్వంత, మిగతాదంతా పాలచక్కెర, పిండి. రవ్వే కదా అని తీసిపారేయడానికి లేదు. కడుపు రాకుండా ఆపేది ఆ రవ్వే.

సంచి ఇన్ని ఉతుకులకే పనికొస్తుందని లెక్క ఉంది. లెక్క నిండాక వేళ్లను కత్తిరించి, ఎర్ర డబ్బాలో వేసి, కాల్చడానికి పంపాలి. కత్తిరించేది అతనే. పంపేముందు స్పిరిట్‌తో ఒకసారి, నీళ్లతో ఒకసారి కడగాలని కాగితం మీద ఉంది. "తగలబెట్టేదానికి తలంటెందుకురా?" అని పని నేర్పిన బనీను బాబాయ్ మొదటి రోజే తేల్చేశాడు. బాబాయ్ ఆ గదిలో అందరికంటే పాత మనిషి. ఎంత ఉక్కపోసినా చొక్కా కింద రెండు బనీన్లు వేస్తాడు గనక ఆ పేరు. కడగడం మానేశారు గానీ, 'కడిగినది' అన్న గడిలో టిక్కు మాత్రం మానలేదు. ఆరేళ్లు పెట్టాడతను, కింద సంతకంతో సహా. రోజూ చెప్పే అబద్ధం చెప్పేవాడికే ముందు నిజమైపోతుంది. అతని బుర్రలో ఆ వేళ్లు కడిగిన వేళ్లే.

రెండేళ్ల కిందట కూతురి దిండు గలీబు చిరిగింది. అతని భార్య బట్టలు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది, జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, చిరుగులు కనిపించకుండా రఫూ చేయడం. మంచి గుడ్డ చూస్తే ఆమె చేతులు ఊరుకోవు. ఎర్ర డబ్బాలో పడాల్సిన వేలొకటి నడుముకు చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. కొళాయి కింద ఓసారి పట్టి తీగ మీద ఆరేశాడు. ఆమె నేతను నలిపి చూసింది.

"ఎంత దట్టంగా ఉందండీ! కొందామన్నా దొరకదు ఇలాంటిది. ఎక్కడిది?"

"పారేసేదిలే."

"కడిగిందేనా?"

"శుభ్రంగా," అన్నాడు, టిక్కు పెట్టినంత సులువుగా.

ఆమె దాన్ని చిన్న గలీబు చేసింది. చివర మందంగా మడిచి కుట్టిన కుట్టును విప్పితే గుడ్డ పాడవుతుందని అలాగే ఉంచింది. బుడంకాయకు పాలు మరిచిన నాటి నుంచీ దిండు మూల చీకుతూ నిద్రపోయే అలవాటు. ఎంత తిట్టినా పోలేదు. ఆ మొదటి రోజు దిండు నోట్లోంచి తీసి, "నాన్నా, ఇది తియ్యగా ఉంది!" అంది. పిల్లల నోటికి అన్నీ తీపే అని మొగుడూ పెళ్లాం నవ్వుకున్నారు. కుట్టు మడతలో గట్టిపడి ఇరుక్కున్న పాలచక్కెర అది. కొన్నాళ్లు చీకాక తీపి పోయేది. "కొత్త వేలు తేవా నాన్నా?" అని మెడ చుట్టూ చేతులు వేసేది. అడిగితే కాదనలేడు. నెలకో, నెలన్నరకో ఒకటి తెచ్చాడు. రెండేళ్లలో పదిహేడు వేళ్లు.

స్నానం చేయిస్తూ తల్లి చూసింది. పిల్ల రొమ్ము మీద రెండు వైపులా గోలీలంత గడ్డలు. సబ్బు తగిలితే, "నొప్పమ్మా," అని చెయ్యి తోసేసింది.

డాక్టరమ్మ పిల్ల ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించింది, రక్తం తీయించింది, పొట్ట స్కాన్ చేయించింది. వారం తర్వాత ముగ్గురినీ పిలిచి, పిల్లను బయట బల్ల మీద కూర్చోమంది.

"పిల్లకు ఏడేళ్లు. ఎముకలకు పదిన్నర," అంది.

తల్లికి అర్థం కాలేదు. తండ్రికి అర్థం కావాలని లేదు.

"మన ఒంట్లో కణాల్లో చిన్న చిన్న పీటలున్నాయనుకోండి. హార్మోన్ వచ్చి పీట మీద కూర్చుంటే అక్కడ పని మొదలవుతుంది. రొమ్ములో పీట మీద కూర్చుంటే రొమ్ము పెరుగుతుంది, ఎముకలో కూర్చుంటే ఎముక ముదురుతుంది. మామూలుగా వయసొచ్చాక మెదడు ఆర్డరిస్తే ఆ హార్మోన్ తయారవుతుంది. ఈ పిల్లకు మెదడు ఇంకా నిద్రలోనే ఉంది, రక్తంలో చూశాను. అయినా పీటల మీద ఎవరో కూర్చున్నారు. నువ్వెవరు, ఎక్కణ్నుంచి వచ్చావని పీట అడగదు కదా. ఇది బయటి నుంచి వస్తోంది."

"పొడుగవుతోంది, మంచిదే కదా అనుకున్నామండీ," అంది తల్లి.

"ఇప్పుడు పొడుగవుతుందమ్మా. ఎముకల చివర్లు ముదిరి మూసుకుపోతే అక్కడితో సరి. పదేళ్లకు ఆగిపోతుంది. తోటి పిల్లలంతా దాటి వెళ్లిపోతారు. ఇంకో సంగతి, ఒళ్లు ఇంత ముదిరాక మెదడు కూడా లేచి కూర్చోవచ్చు. అప్పుడు బయటిది ఆపినా ఆగదు. ఎక్కణ్నుంచి వస్తోందో ఇవాళ దొరికితే ఇవాళే ఆపుదాం. ఇంట్లో ఎవరైనా బిళ్లలు గానీ, ఒంటికి పూతలు గానీ వాడుతున్నారా?"

"లేదండీ."

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "మీరేం చేస్తారు?"

"మందుల కంపెనీ అండి."

"ఏ మందులు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి దానంతటదే చొక్కా బొత్తాల మీదికి పోయింది.

"జ్వరం బిళ్లలండి."

"మీ ఒంట్లో ఏమైనా మార్పు ఉందా? రొమ్ము దగ్గర వాపు, నొప్పి లాంటివి?"

"లేదండి."

భార్య ఔనన్నట్టు తలూపింది. పనిలో చేరిన నాటి నుంచీ ఆమెకు చెప్పిందీ జ్వరం బిళ్లలనే. ఆడవాళ్ల బిళ్లలు ఆరబెడతానని చెప్పుకోవడం నామోషీ అనుకున్నాడు. అసలు నామోషీ తర్వాత మొదలైంది. ఏడాది కిందట చొక్కా కింద అతనికీ రొమ్ములు పొంగాయి. అద్దంలో చూసుకుని చొక్కా గబగబా తొడుక్కున్నాడు. భార్య ముందు చొక్కా విప్పడం మానేశాడు, ఒళ్లు చేశాడని ఆమె అనుకుంది. ఆ గదిలో పాత మగవాళ్లందరికీ ఉన్నదే అది. ఒక్కడూ పైకి అనడు. బాబాయ్ రెండు బనీన్లు చలికి కాదని అతనికి అప్పుడు తెలిసింది, మర్నాటి నుంచి తనూ రెండు వేశాడు.

డాక్టరమ్మ పీటల సంగతి చెబుతున్నప్పుడే అతనికి దిండు కళ్ల ముందు కదిలింది. అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పితే గుడ్డ దొంగతనం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది, ఆపైన పరాయి ఆడమనిషి ముందు, భార్య ముందు చొక్కా విప్పాలి. నిజం చెప్పుకోవాలంటే ఉద్యోగం కంటే ఆ చొక్కాయే బరువనిపించింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మని రాసిచ్చింది డాక్టరమ్మ.

ఇంటికి రాగానే గలీబులన్నీ మూటకట్టి, మర్నాడు తీసుకెళ్లి తన చేత్తోనే ఎర్ర డబ్బాలో పడేశాడు. 'కడిగినది' గడిలో టిక్కు పెట్టాడు. చినిగిపోయాయని ఇంట్లో చెప్పాడు. పిల్ల మామూలు దిండు చీకి చూసి, చప్పగా ఉందని మూడు రోజులు ఏడ్చింది. ఇక్కడితో ఆగినా కొంత బాగుండేది.

బనీను బాబాయ్ దగ్గర ఒక మందుంది. పక్క బ్లాకులో తయారయ్యే బిళ్ల, రొమ్ము కాన్సరు వచ్చిన ఆడవాళ్ల కోసం చేసేది. పొంగు కనిపించిన ప్రతి మగవాడికీ బాబాయ్ ఒక అట్ట చేతిలో పెట్టేవాడు. అతనికీ ఇచ్చాడు.

"కాపలా బిళ్ల అబ్బాయ్ ఇది. హార్మోన్ కంటే ముందెళ్లి అది కూర్చునే చోట కూర్చుంటుంది. తను పని చేయదు, వచ్చినదాన్ని చేయనివ్వదు. రెండు నెలలు మింగు, చదునైపోతావు. ఎవడికీ చెప్పకు."

అతనికి సగం తగ్గింది కూడా. నొప్పి కొంత నెమ్మదించింది. నాకు తగ్గించింది పిల్లకు తగ్గించదా అనుకున్నాడు. మూడు నెలల్లో గడ్డలు కరిగిపోతే డాక్టరమ్మ ఇంకేమీ అడగదు, చొక్కా విప్పక్కర్లేదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కానీ భయపడ్డవాడికి కొరివి కూడా దువ్వెనలా కనిపిస్తుంది. బిళ్లను నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క నలిపి, చెంచాడు తేనెలో కలిపాడు.

"ఏంటిది నాన్నా?"

"బలానికి. తియ్యగా ఉంటుంది."

పిల్ల ఇంకేమీ అడగకుండా నోరు తెరిచింది. రోజూ పొద్దున్నే అలాగే తెరిచింది, నలభై రోజులు.

గడ్డలు తగ్గాయి. తల్లి తడిమి చూసి, స్నానాల గదిలోనే కూలబడి ఏడ్చింది. "తగ్గిపోయిందండీ, దానంతటదే తగ్గిపోయింది," అంది. అతనికి ఛాతీ ఉప్పొంగింది, ఈసారి మంచి విధంగా. పెద్ద చదువులు చదివినావిడకు అంతు చిక్కనిది తను పావు బిళ్లతో సర్దేశాడు. ఆ వారమంతా డ్యూటీలో ఈల వేస్తూ పని చేశాడు.

నలభై ఒకటో రోజు బడి నుంచి ఫోను వచ్చింది. అతను చేరేసరికి టీచరమ్మ పిల్లను ఆఫీసు గదిలో తన కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తువ్వాలు చుట్టింది. తెల్ల మేజోళ్ల మీద నెత్తురు చారలు ఎండిపోయి ఉన్నాయి. పిల్ల ఏడవడం లేదు. తప్పు చేసినట్టు తల వంచుకుంది.

"గంట గట్టిగా కొట్టాను నాన్నా. ఎగిరి లాగాను. లోపల ఏదో తెగిపోయింది. ఇంకెప్పుడూ అంత గట్టిగా కొట్టను."

ఎత్తుకున్నాడు. ఆసుపత్రి దాకా ఆ మాటే చెబుతూ వచ్చింది, ఇంకెప్పుడూ కొట్టనని.

డాక్టరమ్మ మళ్లీ స్కాన్ తీసింది, రక్తం తీసింది. ఫలితాలు వచ్చేదాకా అక్కడే ఉండమంది. తల్లి దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చింది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. పిల్ల మంచం మీద దుప్పటి కప్పుకుని వింటోంది. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి అతని వైపే చూసింది.

"నేను అడిగినదాంట్లో ఏదో చెప్పలేదు మీరు."

అతను లేచి నిలబడ్డాడు. చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. పై బనీను, లోపలి బనీను కలిపి మెడ దాకా ఎత్తాడు. భార్య చెయ్యి నోటి మీదికి వెళ్లింది. బనీన్లు అలా పట్టుకునే అంతా చెప్పేశాడు: ఏ బిళ్లల పొడి ఆరబెడతాడో, వేళ్లు, టిక్కు, కుట్టు మడతలో తీపి, ఎర్ర డబ్బా, తేనెలో కలిపిన పావు బిళ్ల. చెప్పడానికి పట్టుమని ఐదు నిమిషాలు పట్టలేదు. ఆ ఐదు నిమిషాలకే నలభై రోజుల పైన దాక్కున్నాడు.

అందరికంటే ముందు మాట్లాడింది పిల్ల.

"నాన్నా, నీకూ నొప్పా?"

అతను తలూపాడు.

"చొక్కా తగిలితే ఎక్కువ నొప్పి కదా? నాకూ అంతే ఉండేది. అమ్మ మెత్తటి గుడ్డ వేసి కుట్టింది లోపల. నీకూ కుట్టమను."

అతను ఎత్తిన బనీన్లలోనే మొహం దాచుకుని భోరుమన్నాడు. పిల్లకు ఊరట చెప్పాల్సినవాడు, పిల్ల చెబితే విన్నాడు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అది అతనికి మరీ కష్టంగా ఉంది.

"ఆ బిళ్ల అన్ని చోట్లా కాపలా కాయదు. రొమ్ములో పీట మీద కూర్చుని హార్మోన్‌ను ఆపుతుంది, నిజమే. గర్భసంచిలో అదే పీట మీద కూర్చుని హార్మోన్ చేసే పని తనే చేస్తుంది. అప్పటికి ఒంట్లో సొంత హార్మోన్ లేని చిన్నపిల్ల కదా, బిళ్ల పెత్తనమే సాగింది. మీరు పైన వాపు తగ్గిందని చూశారు. లోపల కంచే చేను మేసింది."

"దానివల్లేనా ఈ నెత్తురు?" అంది తల్లి.

"గలీబులు ఒక్కసారిగా ఆపేయడం వల్ల కావచ్చు, బిళ్ల వల్ల కావచ్చు. విడదీసి చెప్పలేను. ఇవాళ్టి రక్తంలో ఇంకోటి కనిపిస్తోంది. మెదడు లేచింది. ఇప్పుడు వస్తున్న హార్మోన్ పిల్ల సొంతం. ఇక ఏ దిండు తీసేసినా ఆగదు."

"మొదటిసారి వచ్చిన రోజే చెప్పుంటే?" అన్నాడతను బనీన్లలోంచి.

"చెప్పలేను," అంది డాక్టరమ్మ. "ఆగేదేమో. నెలకో ఇంజెక్షన్ ఇద్దాం, మెదడును మళ్లీ నిద్రపుచ్చడానికి. అయిన ఎత్తు నష్టమంతా తిరిగి రాదు. ఎంత మిగులుతుందో చూద్దాం."

ఇల్లు చేరాక భార్య కుట్టు మిషను ముందు కూర్చుని, దారం తీసేసి, మూత వేసింది. "కడిగిందేనా అని అడిగాను," అంది గోడతో. మూత మీద చెయ్యి పెట్టి, "కుట్టింది నేను. నా చేతుల్తో కుట్టాను," అంది. ఆ రెండో మాటకు అతను ఏ శిక్షనైనా ఒప్పుకునేవాడు.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లి పెద్ద ఆఫీసరుకు అంతా చెప్పాడు. మిగతావాళ్ల ఇళ్లలో పిల్లలున్నారు, చూడండి, మమ్మల్ని కూడా డాక్టర్లకు చూపించండి అన్నాడు. జీవితంలో మొదటిసారి గొంతెత్తాడు. ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు, నీళ్లిచ్చాడు, ఫైళ్లు తెప్పించాడు. రెండేళ్ల కాగితాలు ఒక్కొక్కటీ అతని ముందు పరిచాడు.

"ఇక్కడ 'కడిగినది' అని టిక్కుంది. ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్. కానీ కడగలేదు."

"ఇది?"

"నాదే."

"ఇది కూడా మీదేగా. అన్నీ కడిగిన గుడ్డలే అని మీరే రాసిచ్చారు. కడిగిన గుడ్డకు మందెక్కడ అంటుకుంటుందండీ?"

గుడ్డలు ఎత్తుకెళ్లినందుకు అతన్ని తీసేశారు. కాగితాల ప్రకారం ఆ పిల్లకు ఆ గదిలోంచి ఏమీ అంటలేదు. సాక్ష్యం చెప్పమని బనీను బాబాయ్‌ని గేటు దగ్గర పట్టుకుంటే, ఆయన అటూ ఇటూ చూసి చొక్కా పై బొత్తం కూడా పెట్టుకున్నాడు. "నాకేమీ లేదు అబ్బాయ్. ఉత్త చలి మనిషిని," అని లోపలికి వెళ్లిపోయాడు. అతనికి కోపం కూడా రాలేదు. మొన్నటి దాకా తనూ ఆ మనిషే.

ఇప్పుడతను ఒక గోదాములో పెట్టెలు మోస్తాడు, పల్చటి చొక్కా ఒక్కటే వేసుకుంటాడు. చూసేవాళ్లు చూస్తారు. నెలకోసారి పిల్లను ఇంజెక్షన్‌కు తీసుకెళ్లేది అతనే. ఇంజెక్షన్లు పని చేస్తున్నాయి, నెత్తురు మళ్లీ రాలేదు. కానీ ఎక్స్‌రేలో ఎముకలు ఇప్పుడు పదకొండు దాటాయి. నాలుగేళ్ల తర్వాత తరగతిలో అందరికంటే పొట్టి పిల్ల ఎవరో తల్లిదండ్రులిద్దరికీ తెలుసు. పిల్లకు చెప్పలేదు. చెప్పాల్సిన రోజు వస్తుంది.

పిల్ల మళ్లీ గంట కొడుతోంది, మెల్లగా. ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి నడిచి వస్తుంటే సూది గుచ్చిన తొడ రుద్దుకుంటూ అడిగింది.

"నన్ను బుడంకాయ అని పిలవట్లేదేం నాన్నా ఈ మధ్య?"

అతను పిల్లను దారి పక్కకు నడిపించాడు.

"పొడుగయ్యాననా?"

"అవునమ్మా."

పిల్ల మెడ నిక్కించి, అతని భుజానికి తన తల ఎంత దూరంలో ఉందో చేత్తో కొలిచి చూసుకుంది. తృప్తి పడింది.

"అయితే ఇంకెప్పుడూ పిలవకు. ఒట్టు వెయ్యి. ఎప్పటికీ పిలవనని."

చెయ్యి చాపింది. ఆ చిన్న చేతిలో చెయ్యి పెట్టి, ఎప్పటికీ పిలవనని ఒట్టేశాడు.